ఎలక్ట్రికల్, బయోమెడికల్ రెండూ కలిపి చదవాలంటే: కాలేజీని ఎలా చూడాలి?

వెబ్ ఆప్షన్ల వారం వచ్చిందంటే నాకు ప్రతి ఏడాదీ ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మా అమ్మాయికి సర్క్యూట్లంటే ఇష్టమండీ. డాక్టర్ల వైపు కూడా మనసుంది గానీ నీట్ రాయనంటోంది. బయోమెడికల్ పెట్టమంటారా, ఈసీఈ పెట్టమంటారా?" అడిగేది తండ్రే అయినా పక్కన ఆ అమ్మాయి ఊపిరి బిగబట్టి వింటోందని తెలుస్తూనే ఉంటుంది. ఆప్షన్లు ఫ్రీజ్ చేయడానికి గడువు రెండు రోజులు. అంత పెద్ద నిర్ణయానికి పది నిమిషాల ఫోను చాలదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ కాలేజీలో నాలుగేళ్లలో సర్క్యూట్లు, సిగ్నల్స్, కంట్రోల్ సిస్టమ్స్ ఎంత గట్టిగా చెబుతారన్నది మొదట చూడాలి. అక్కడి విద్యార్థికి ఆస్పత్రి లోపలికి దారి ఉందా అన్నది ఆ తర్వాత. బ్రాంచి పేరులో 'బయోమెడికల్' అన్న మాట ఉందో లేదో చివర చూసుకోవచ్చు. చాలా ఇళ్లలో ఈ వరస తలకిందులుగా నడుస్తుంది.

ఎందుకంటున్నానో తెలియాలంటే ఐసీయూలో మంచం పక్కన పచ్చగీత గీస్తూ ఉండే మానిటర్ దగ్గరికి వెళ్లాలి.

గుండె కొట్టుకున్నప్పుడు పుట్టే విద్యుత్తు చర్మం దాకా వచ్చేసరికి సుమారు ఒక మిల్లీవోల్టు మిగులుతుంది. ఆ గదిలోనే గోడల్లో 230 వోల్టుల కరెంటు 50 హెర్ట్జ్‌తో పారుతోంది. మన ఒళ్లు ఒక యాంటెనాలా దాన్ని పట్టుకుంటుంది. అలా చేరిన రొద గుండె సిగ్నల్ కంటే వందల రెట్లు పెద్దదిగా ఉండొచ్చు. అయితే ఆ రొద రెండు చేతుల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది, గుండె సిగ్నల్ మాత్రం తేడాగా ఉంటుంది. ఉమ్మడిగా ఉన్నదాన్ని కొట్టేసి తేడాను మాత్రమే పెంచేది ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫైయర్. అదీ చాలకపోతే ఉమ్మడి రొదను తిరగేసి కుడికాలి ఎలక్ట్రోడు ద్వారా మళ్లీ ఒంట్లోకే పంపి అణిచేస్తారు. అది అచ్చంగా ఫీడ్‌బ్యాక్ కంట్రోల్. ఇంతవరకూ ఈసీఈ రెండో ఏడాది, మూడో ఏడాది పాఠాలే.

ఇక్కడి నుంచి వ్యవహారం చిక్కుపడుతుంది. రోగి ఊపిరి పీల్చినా, కదిలినా, చెమట పట్టినా గీత మెల్లగా పైకీ కిందికీ ఊగుతుంది. ఇంజనీరుకు వెంటనే తోచేది ఫిల్టరు పెట్టి 0.5 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయడం. గీత చక్కగా నిలబడుతుంది, స్క్రీను మీద చూడముచ్చటగా ఉంటుంది. కానీ గుండెపోటును అనుమానించే డాక్టరు చూసేది ఎస్‌టీ సెగ్మెంట్ అనే చిన్న భాగాన్ని. అది లేచిందా, దిగిందా అన్నదాని మీదే చికిత్స ఆధారపడుతుంది. ఆ భాగంలో ఉన్నది నెమ్మదైన పౌనఃపున్యాలే. ఫిల్టరు అక్కడ కోస్తే ఎస్‌టీ ఆకారం చెడిపోవచ్చు. లేని జబ్బు ఉన్నట్టు, ఉన్నది లేనట్టు కనిపించే ప్రమాదం ఉంది. అందుకే రోగనిర్ధారణకు తీసే ఈసీజీలో 0.05 నుంచి 150 హెర్ట్జ్ వరకూ ఉంచుతారు. ఊరికే లయ కనిపెట్టి చూసే మానిటర్ మోడ్‌లో మాత్రం ఇంకా ఇరుకైన ఫిల్టరు వాడతారు.

ఎలక్ట్రికల్, బయోమెడికల్ కలిసే చోటు సరిగ్గా ఇదే. ఫిల్టరు డిజైన్ చేయడం ఒక్కటే వచ్చినవాడు ఎస్‌టీని పాడుచేస్తాడు. ఎస్‌టీ అంటే ఏమిటో మాత్రమే తెలిసినవాడికి ఫిల్టరు కట్టడం రాదు. రెండూ ఒకే బుర్రలో ఉండాలి. కాలేజీ ఎంపిక అంటే ఆ రెండింటినీ ఒకే బుర్రలోకి ఎక్కించగల చోటు వెతకడం.

ఇంకొక్క మాట చెప్పి మానిటర్‌ను వదిలేస్తాను. గుండెకు నేరుగా తాకే పరికరాల నుంచి రోగిలోకి లీకయ్యే కరెంటు మామూలు పరిస్థితిలో 10 మైక్రోయాంపియర్లు దాటకూడదని వైద్య విద్యుత్ పరికరాల భద్రతకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601 చెబుతుంది. అంటే ఒక యాంపియరులో లక్షో వంతు. ఇంట్లో స్విచ్చుబోర్డు దగ్గర 'జివ్వు'మన్నప్పుడు మనకు తగిలేది దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. పవర్ సప్లై, ఐసొలేషన్, ఎర్తింగ్ అనే పాత ఈఈఈ పాఠాలు ఇక్కడ ప్రాణరక్షణ పాఠాలవుతాయి. "మాది ఈఈఈ, మాకు మెడికల్‌తో పనేముంది" అనుకునే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఎక్స్‌రే ట్యూబుకు లక్ష వోల్టుల స్థాయిలో వోల్టేజి ఇచ్చేదీ, గుండె లయ తప్పినప్పుడు షాకిచ్చే డీఫిబ్రిలేటర్‌లో కెపాసిటరు నింపి ఒక్కసారిగా వదిలేదీ పవర్ ఎలక్ట్రానిక్సే. 1.5 టెస్లా ఎంఆర్‌ఐ యంత్రం శరీరంతో సుమారు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో మాట్లాడుతుంది. ఆ భాష నేర్పేది పిల్లలు భయపడే ఎలక్ట్రోమాగ్నెటిక్స్.

సిలబస్ పీడీఎఫ్ ముందు పెట్టుకుని

కాలేజీ బ్రోచర్ పక్కన పెట్టండి. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో సిలబస్ దొరుకుతుంది. బీటెక్ మొత్తం ఇప్పుడు సుమారు 160 క్రెడిట్లు. కాగితం తీసుకుని నెట్‌వర్క్ థియరీ, అనలాగ్ సర్క్యూట్లు, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, కంట్రోల్ సిస్టమ్స్, డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్), మైక్రోకంట్రోలర్లు ఒక వరసలో రాయండి. అనాటమీ, ఫిజియాలజీ, బయోమెడికల్ ఇన్‌స్ట్రుమెంటేషన్, మెడికల్ ఇమేజింగ్ ఇంకో వరసలో. బయోమెటీరియల్స్, బయోమెకానిక్స్, టిష్యూ ఇంజనీరింగ్ మూడో వరసలో. ప్రతిదానికీ ఎన్ని క్రెడిట్లో, ల్యాబ్ ఉందో లేదో పక్కన వేయండి.

ఈ పని చేసినవాళ్లకు అరగంటలో ఒక సంగతి అర్థమవుతుంది: బయోమెడికల్ అనే పేరు కింద రెండు వేర్వేరు చదువులున్నాయి. శరీరాన్ని ఒక పదార్థంగా, ఒక యంత్రంగా చూసి ఇంప్లాంట్లు, కణజాలం, ఎముకల మీద పడే బరువుల గురించి చదివేది ఒకటి. శరీరం నుంచి వచ్చే సంకేతాలను పట్టే పరికరాల గురించి చదివేది ఇంకోటి. మొదటిదానిలో రసాయన శాస్త్రం, మెకానికల్ ఎక్కువ. సర్క్యూట్లంటే ఇష్టమున్న అమ్మాయి తెలియక అందులో చేరితే తప్పు ఆమెది కాదు, సిలబస్ చూపించని పెద్దలది. మూడో వరస బాగా పొడవుగా, మొదటి వరస పొట్టిగా కనిపిస్తే ఆ కోర్సు మంచిదే కావచ్చు, కానీ ఈ కోరికకు సరిపోయేది మాత్రం కాదు.

గణితం సంగతి కూడా చూడాలి. తెలంగాణలో బయోమెడికల్ సీట్లకు ఎంపీసీ వాళ్లతో పాటు బైపీసీ వాళ్లూ రావచ్చు. బైపీసీ నుంచి వచ్చినవాళ్లు ఫిజియాలజీలో ముందుంటారు, అది వాళ్ల బలం. కానీ లాప్లాస్, ఫోరియర్ అనే గణిత పద్ధతులు లేకుండా సిగ్నల్స్ ఒక్క అడుగు కూడా కదలదు. మొదటి ఏడాదిలో వాళ్లకు గణితం విడిగా, ఓపిగ్గా చెబుతారా అని అడగండి. "మెల్లగా వాళ్లే అందుకుంటారు" అని జవాబొస్తే ఆ సిగ్నల్స్ క్లాసు అందరికీ పల్చగా నడుస్తుందని నా అనుభవం.

మూడు దారులు, వాటిలో నాకు నచ్చినది

నేరుగా బయోమెడికల్‌లో చేరడం ఒక దారి. తెలుగు నేల మీద ఉస్మానియా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో, నర్సాపూర్ బీవీఆర్ఐటీలో ఈ బ్రాంచి ఉంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజనీరింగ్‌కు ప్రత్యేక విభాగమే ఉంది, బీటెక్ కూడా ఉంది. జేఈఈ మెయిన్ ర్యాంకుతో బయటికి వెళ్లగలిగితే రూర్కెలా, రాయ్‌పూర్ ఎన్ఐటీల్లో బీటెక్ బయోమెడికల్ ఉంది.

ఈసీఈ గానీ ఈఈఈ గానీ తీసుకుని దానికి బయోమెడికల్ ఎలక్టివ్‌లు గానీ మైనర్ డిగ్రీ గానీ తగిలించడం రెండో దారి. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం మైనరుకు మామూలు క్రెడిట్ల మీద 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చదవాలి. కాగితం మీద చాలా కాలేజీలు మైనర్లు చూపిస్తాయి. అది నిజంగా నడుస్తోందా, పోయిన ఏడాది ఎంతమంది పూర్తి చేశారు, క్లాసులు ఎవరు చెప్పారు అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఫిజియాలజీ చెప్పడానికి వైద్య కళాశాల నుంచి మనిషి వస్తే అది ఒక చదువు. స్లైడ్లు చూసి మనవాళ్లే చదివేస్తే అది ఇంకో చదువు.

బీటెక్ పూర్తిగా ఎలక్ట్రికల్ వైపు చేసి, ఎంటెక్‌లో లేదా ఎంఎస్‌లో బయోమెడికల్‌కు మారడం మూడోది. దీనికి ఇప్పుడు మంచి వసతి ఉంది. 2020 నుంచి గేట్‌లో బయోమెడికల్ ఇంజనీరింగ్ పేరుతో విడిగా పేపరు వచ్చింది. ఐఐటీ మద్రాస్, తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ, వెల్లూరు సీఎంసీ ముగ్గురూ కలిసి క్లినికల్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ నడుపుతున్నారు. ఒక ఇంజనీరింగ్ సంస్థ, గుండె కవాటాన్ని సొంతంగా తయారుచేసి 1990లో మనిషికి అమర్చిన సంస్థ, ఒక పెద్ద ఆస్పత్రి ఒకే కోర్సు కోసం చేతులు కలపడం మన దేశంలో అరుదు. ఈ రంగం మీద నిజమైన ఇష్టమున్న ఈసీఈ విద్యార్థికి నేను మొదట చెప్పే పేరు ఇదే.

ఈ దారుల మధ్య ఒక తేడా ఉంది. ఈసీఈ చదివినవాళ్లు తర్వాత బయోమెడికల్‌కు రావడం తేలిక. బయోమెడికల్ చదివినవాళ్లు తర్వాత ఎలక్ట్రికల్ వైపు పోవడం కష్టం. ట్రాన్స్‌కో, జెన్‌కో ఇంజనీరు పోస్టుల నోటిఫికేషన్లలో అర్హత బ్రాంచిల పేర్లు రాసి ఉంటాయి, అక్కడ బయోమెడికల్ కనపడదు. పదిహేడేళ్ల వయసులో మనసు ఇంకా స్థిరపడని పిల్లలకు, ఇంట్లో ఆర్థికంగా ఒక భరోసా అవసరమైన పిల్లలకు నేను రెండో దారే చెబుతాను. అడ్మిషన్ల లెక్కలో వెనక్కి తగ్గినట్టుగా దాన్ని చూడనక్కర్లేదు. మానిటర్ కథలో చూశాం కదా, పునాది అక్కడే ఉంది.

మరి నేరుగా బయోమెడికల్ ఎప్పుడు? పిల్లకు ఈ రంగం మీద అనుమానం లేనప్పుడు. సిలబస్‌లో మొదటి వరస గట్టిగా ఉన్నప్పుడు. ఆస్పత్రి తలుపు తెరిచి ఉన్నప్పుడు. ఈ మూడూ ఉంటే ఆలోచించకుండా చేరమంటాను. అలాంటి చోట మొదటి ఏడాది నుంచే శరీరం, సర్క్యూటు పక్కపక్కన నేర్చుకోవడం ఒక అదృష్టం.

ఆస్పత్రి తలుపు

ఈసీజీ మీద పనిచేసే ప్రతివాళ్లూ వాడే ఒక డేటా ఉంది. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆస్పత్రి, ఎంఐటీ కలిసి తయారుచేసిన ఎంఐటీ-బీఐహెచ్ అరిథ్మియా (గుండె లయ తప్పడం) డేటాబేస్. అరగంట చొప్పున 48 రికార్డింగులు, సెకనుకు 360 శాంపిళ్లు. ఒక్కో గుండె చప్పుడునూ నిపుణులు చూసి గుర్తులు పెట్టారు. 1980లో అందుబాటులోకి వచ్చింది. ఈరోజు చిత్తూరులో కూర్చున్న విద్యార్థి కూడా ఉచితంగా దించుకుని, 1985లో పాన్, టాంప్‌కిన్స్ ప్రచురించిన పద్ధతితో గుండె లయను లెక్కపెట్టవచ్చు. నలభై ఏళ్లు దాటినా నిలిచిన ఆ పని పుట్టింది ఒక ఆస్పత్రి వార్డుకూ, ఒక ఇంజనీరింగ్ ల్యాబుకూ మధ్య ఉన్న స్నేహం నుంచి.

మన దగ్గరా అలాంటి స్నేహాలు ఫలించాయి. హైదరాబాద్‌లో అబ్దుల్ కలాం క్షిపణుల కోసం తయారైన తేలిక కాంపోజిట్ పదార్థాన్ని నిమ్స్ వైద్యుల కోరిక మీద పోలియో పిల్లలు కాళ్లకు ఆసరాగా కట్టుకునే కాలిపర్లకు వాడారు. మూడు కిలోల బరువు కొన్ని వందల గ్రాములకు దిగింది. కార్డియాలజిస్టు సోమరాజుతో కలిసి ఆయన చేసిన కలాం-రాజు స్టెంట్ (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) 1990లలో వచ్చింది. ఒకే ఊళ్లో ఉన్న ల్యాబూ, ఆస్పత్రీ మాట్లాడుకుంటే ఏమవుతుందో ఇంతకంటే ఏం చెప్పాలి!

అందుకే కాలేజీ ఏ ఆస్పత్రి పక్కన ఉందో చూడండి. ఒకే ప్రాంగణంలో ఇంజనీరింగ్, వైద్యం రెండూ ఉన్న చోట్లు ఎప్పుడూ ఒక అడుగు ముందుంటాయి. బనారస్‌లో ఐఐటీ, వైద్య విజ్ఞాన సంస్థ ఒకే క్యాంపస్‌లో ఉన్నాయి. మణిపాల్‌లో రెండు కాలేజీలూ ఒకే ఊళ్లో. మన దగ్గర ఓయూ క్యాంపస్ నుంచి గాంధీ ఆస్పత్రి కొద్ది దూరమే. అయితే దూరం తక్కువైనంత మాత్రాన తలుపు తెరుచుకోదు. చాలా కాలేజీలు ఫలానా ఆస్పత్రితో ఎంఓయూ ఉందని గోడకు ఫోటో పెడతాయి. అక్కడ అడగాల్సింది వేరు: పోయిన ఏడాది విద్యార్థులు వార్డులో ఎన్ని రోజులు గడిపారు? మనుషుల నుంచి సిగ్నల్ రికార్డు చేసే ప్రాజెక్టుకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఎవరు తెస్తారు? రెండో ప్రశ్నకు జవాబు తడుముకోకుండా వస్తే అక్కడ నిజంగా పని జరుగుతోందని అర్థం. ఎందుకంటే ఆ అనుమతి లేకుండా రోగి దగ్గరికి సక్రమంగా వెళ్లే దారే లేదు.

ఒకసారి ఒక కాలేజీ ల్యాబ్ చూడటానికి వెళ్లాను. లక్షలు పోసి కొన్న పేషెంట్ మానిటర్లు వరసగా ఉన్నాయి, వాటి మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. పాడవుతాయని పిల్లల్ని ముట్టుకోనివ్వరట. ఒక విద్యార్థి వాటిని చూసిన చూపు నేను మరిచిపోలేదు. కొనుక్కొచ్చిన మానిటర్ల కంటే విద్యార్థులు విప్పి బిగించిన పాత మానిటర్ ఒక్కటి ఎక్కువ నేర్పుతుంది. ఆస్పత్రులు పక్కన పడేసిన యంత్రాలను తెచ్చి పిల్లల చేతికిచ్చే విభాగం కనిపిస్తే, ర్యాంకు లెక్కలు రెండు మెట్లు దిగినా అక్కడే చేరమని చెబుతాను.

ఉద్యోగం గురించి నిజాలు

'బయోమెడికల్ ఇంజనీరు' అనే ఒకే పేరు మీద మూడు ఉద్యోగాలున్నాయి. ఆస్పత్రిలో వెంటిలేటర్లు, మానిటర్లు, డయాలిసిస్ యంత్రాలు సరిగ్గా పనిచేసేలా చూసుకునేది ఒకటి. మన ప్రాంతంలో తాజాగా పాసైనవాళ్లకు ముందుగా ఎదురయ్యేది ఇదే. జీతం మొదట్లో తక్కువ, బాధ్యత చాలా ఎక్కువ. ఆ పనిలో రెండేళ్లున్నవాళ్లకు పరికరం ఎక్కడ, ఎందుకు విఫలమవుతుందో తెలిసినంతగా డిజైన్ గదిలో కూర్చున్నవాళ్లకు తెలియదు. నేను దీన్ని చిన్నచూపు చూడను.

రెండోది పరికరాలు డిజైన్ చేసే పని. వైద్య పరికరాల కంపెనీ మెడ్‌ట్రానిక్ హైదరాబాద్‌లో పరిశోధన, ఇంజనీరింగ్ కేంద్రాన్ని పెంచుతున్నట్టు 2020లో ప్రకటించింది. ఈ కంపెనీని 1949లో మినియాపోలిస్‌లో మొదలుపెట్టినవారిలో ఒకరైన ఎర్ల్ బాకెన్ చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే. అక్కడి గుండె శస్త్రవైద్యుడు లిల్లెహై అడిగితే 1957లో బ్యాటరీతో నడిచే పేస్‌మేకర్ కట్టి ఇచ్చాడు. ఇలాంటి డిజైన్ పనుల్లో ఎంబెడెడ్, సర్క్యూట్, సిగ్నల్ ప్రాసెసింగ్ మీద లోతుగా అడుగుతారు, డిగ్రీ మీద బ్రాంచి పేరు ఆ తర్వాత.

మూడోది పరీక్షలు, అనుమతుల పని. దీని గురించి మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. మెడికల్ డివైసెస్ రూల్స్ 2018 జనవరి నుంచి అమలయ్యాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో ఔషధాల కిందికి వచ్చాయి. ఏ పరికరమైనా భద్రతా పరీక్షలు దాటి, పత్రాలు సమర్పించి రావాల్సిందే. విశాఖపట్నంలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ సుమారు 270 ఎకరాల్లో ఉంది. తయారీ యూనిట్లతో పాటు ఇలాంటి పరీక్షల ల్యాబ్‌లు కూడా అక్కడున్నాయి. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో తెలంగాణ వైద్య పరికరాల పార్కు ఉంది. విశాఖ వైపు కాలేజీ చూసేవాళ్లు మెడ్‌టెక్ జోన్‌కు, హైదరాబాద్ పశ్చిమాన చూసేవాళ్లు సుల్తాన్‌పూర్‌కు ఇంటర్న్‌షిప్‌ల కోసం పిల్లల్ని పంపుతున్నారా అని కాలేజీని అడగాలి.

కాలేజీ చూపించే ప్లేస్‌మెంట్ శాతాన్ని ఒక్క ప్రశ్నతో విప్పవచ్చు: బయోమెడికల్ నుంచి ఉద్యోగాలొచ్చినవాళ్లలో వైద్య పరికరాల రంగంలో చేరింది ఎంతమంది, సాఫ్ట్‌వేర్ సర్వీసెస్‌లో చేరింది ఎంతమంది? సాఫ్ట్‌వేర్ చెడ్డదని కాదు. దానికే పోయేదైతే ఈ బ్రాంచి ఎందుకన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి కదా.

అమెరికాలో ఉన్న మన కుటుంబాల పిల్లలకు ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్, బయోమెడికల్ రెండూ మేజర్లుగా ఒకేసారి చేసే అలవాటు పాతుకుపోయింది. జాన్స్ హాప్‌కిన్స్‌లో బయోమెడికల్‌కు ప్రవేశం విడిగా ఉంటుంది, కాలేజీలో సీటొచ్చినా ఆ విభాగంలో రాకపోవచ్చు. జార్జియా టెక్‌కు వైద్య కళాశాల లేదు, ఎమరీ విశ్వవిద్యాలయానికి ఇంజనీరింగ్ కాలేజీ లేదు. రెండూ కలిసి 1997లో ఉమ్మడి విభాగం పెట్టుకున్నాయి. లేనిదాన్ని ఇలా ఎదుటివాళ్ల దగ్గర వెతుక్కున్న సంస్థలు నాకు చాలా నచ్చుతాయి. ఇక్కడి నుంచి ఎంఎస్‌కు వెళ్లాలనుకునేవాళ్లు బీటెక్ కోర్సుకు, కోర్సుల నాణ్యతను తూచే జాతీయ సంస్థ ఎన్‌బీఏ గుర్తింపు ఉందో లేదో కూడా చూసుకోండి. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారత్ పూర్తి సభ్యత్వం పొందాక, టైర్-1 (స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థలు, యూనివర్సిటీల వర్గం) కింద వచ్చిన ఆ గుర్తింపుకు బయట విలువ పెరిగింది.

ఇక ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు వీలుంటే ఒకపూట ఆ కాలేజీకి వెళ్లి రండి. ప్రిన్సిపాల్ గది దగ్గర ఆగవద్దు. నేరుగా ల్యాబుకు వెళ్లి మూడో ఏడాది విద్యార్థి ఎవరైనా ఉంటే, "నువ్వు కట్టిన ఈసీజీ యాంప్లిఫైయర్ చూపించమ్మా" అని అడగండి. ఆ పిల్ల బ్రెడ్‌బోర్డు తెచ్చి, బ్యాటరీ తగిలించి, స్నేహితురాలి చేతులకు ఎలక్ట్రోడ్లు అంటించి, గీత మీద 50 హెర్ట్జ్ ముళ్లు కనపడగానే కుడికాలి తీగ సరిచేసుకుంటే మీ అమ్మాయిని ఆ బెంచీ దగ్గరే కాసేపు వదిలి, మీరు బయట టీ తాగి రండి.